గట్ల ఆఫీసులో ఏరో హ్యాండిల్

కబురు వచ్చినప్పుడు నేను సైకిలుకి అగరుబత్తి పొగ పడుతున్నాను.

అది పూజ కాదు. మా ఆయన భానోజీ ఆ సైకిలు ఎక్కి కూర్చుని ఉన్నారు. సైకిలు స్టాండు మీద ఉంది. ఎదురుగా టేబుల్ ఫ్యాను గిర్రున తిరుగుతోంది. ఫ్యాను ముందు నేను అగరుబత్తి పట్టుకుంటే ఆ పొగ ఆయన వేళ్ల దగ్గర బయల్దేరి, మోచేతుల మీదుగా భుజాలు దాటి, వీపు మీంచి జారి వెనక్కి పోవాలి. ఎక్కడ చెదిరితే అక్కడ గాలి ఆయన్ని పట్టుకుని వెనక్కి లాగుతోందన్నమాట. అక్కడ నేను సుద్దముక్కతో గీత పెట్టాలి. పెళ్లయిన నెలన్నరలో నాకు దొరికిన పనులన్నిటిలోకీ ఇది నాకు బాగా నచ్చింది. ఎమ్మెస్సీ చదివినవాళ్లు చాలామందే ఉంటారు గానీ, మొగుడి వీపు మీద సుద్దగీతలు పెట్టే అధికారం ఎంతమందికి ఉంటుంది?

మా అత్తగారు వంటింట్లోంచి తొంగిచూశారు. కొడుకు నడుం వంచి, చేతులు ముందుకు చాపి, తల దించుకుని ఉన్నాడు. కోడలు అగరుబత్తి పట్టుకుని నిలబడింది. ఆవిడకి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది.

"చెప్పకుండా మొదలెట్టేశారేంటమ్మా," అంటూ కుంకుమభరిణెతో వచ్చేశారు. హ్యాండిల్‌కి బొట్టు పెట్టారు. చక్రాలకి పెట్టారు. కొడుక్కి పెట్టారు. కొత్తది కదా అని ఫ్యానుకి కూడా పెట్టి, నిమ్మకాయ తెచ్చి హ్యాండిల్‌కి కట్టబోయారు.

"అమ్మా, అది గుండ్రంగా ఉంటది. గాలికి అడ్డం," అన్నారు ఆయన తలెత్తకుండానే.

"గాలికి అడ్డమని మానేస్తే దిష్టికి ఏది అడ్డం పెడతావురా?"

ఈ సమస్య తేలకముందే ఫోను మోగింది. చేతులు ఖాళీ లేవు గనక స్పీకరు నొక్కాను. జిల్లా సైకిలు సంఘం కార్యదర్శిగారు.

"భానోజీగారాండీ? సెలక్టయిపోయారండి. వచ్చే ఆదివారం రాష్ట్ర టైమ్ ట్రయల్. ఉప్పుటేరు రోడ్డు మీదేనండి. జిల్లా నుంచి మీరొక్కరే. ఆయ్."

ఆయన తల దించుకునే ఫోనుకి థాంక్స్ చెప్పారు. తర్వాత నన్ను అడిగారు, "హైమా, పొగ చెదిరిందా?"

"లేదండి. నేనే ఒక్క గెంతు గెంతాను," అన్నాను.

టైమ్ ట్రయల్ అంటే ఏమిటో పెళ్లికి ముందు నాకూ తెలియదు. మామూలు పందెంలో అందరూ ఒకేసారి బయల్దేరతారు. ఇందులో ఒకరి తర్వాత ఒకరిని వదులుతారు. పక్కన తోసేవాడూ ఉండడు, వెనక దాక్కోడానికి వీపూ దొరకదు. మనిషి, గడియారం, ఎదురుగాలి, అంతే. ఆ గాలిని మోసం చెయ్యడానికే ఏరో హ్యాండిల్. మామూలు హ్యాండిల్ మధ్యలోంచి నత్త కొమ్ముల్లాగా రెండు గొట్టాలు ముందుకి పొడుచుకొస్తాయి. వాటి మొదట్లో మోచేతులు ఆనించడానికి రెండు దొప్పలుంటాయి. మోచేతులు ఆనించి గొట్టాల చివర్లు పట్టుకుంటే వీపు బల్లలాగా పడుకుంటుంది, తల చేతుల వెనక దాక్కుంటుంది, గాలికి మనిషి కనిపించకుండా పోతాడు.

కొనాలంటే కొనచ్చు గానీ, ఆయన కొనరు, చేస్తారు. అల్యూమినియం గొట్టంలో పొడి ఇసుక దట్టించి, రెండు చివర్లా బిరడాలు కొట్టి, కొంచెం కొంచెంగా వంచుతారు. ఇసుక లేకపోతే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోతుంది. దొప్పలకి నీళ్లగొట్టాన్ని నిలువునా చీలుస్తారు. మెత్తలు నేను కుట్టాను. నా పెళ్లిగాజుల పెట్టెలోని స్పాంజి, ఎర్ర మఖమలు వాటికి సరిగ్గా సరిపోయాయి. ఆయన మోచేతి నుంచి మణికట్టు దాకా నా టేపుతో మూడుసార్లు కొలిచాం. మొదటిసారికే సరిగ్గా వచ్చింది. అయినా కొలిచాం.

ఇక మిగిలింది ఒక కాగితం. మా ఆయన జిల్లా కాలువగట్ల పర్యవేక్షణ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్. ప్రభుత్వోద్యోగి గనక ఆయన సైకిలు తొక్కడం వల్ల ప్రభుత్వానికి అభ్యంతరం లేదని ఆఫీసు రాసివ్వాలి. ఆ కాగితం లేకపోతే పందెంలో పేరు ఉండదు.

సోమవారం ఆయన సైకిలు మీద ఆఫీసుకి వెళ్లారు. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకుని వెళ్లాను. రోజూ వెళ్తాను. ఆఫీసు మెట్ల మీద అటెండరు పోలయ్యగారు రోజూ ఒకటే మాట అంటారు, "ఆర్నెల్లు పోనీండమ్మా, క్యారేజీ ఆయనే తెచ్చుకుంటారు." నాకు ఆ మాట విన్నప్పుడల్లా బాగుంటుంది.

ఆరోజు గట్ల అధికారి కొండలరావుగారు వరండాలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఎదురుగా మా ఆయన, స్టాండు మీద సైకిలు.

"అభ్యంతరము లేదనుటకు ముందు అభ్యంతరము ఉండవలసిన విషయమేమిటో మేము పరిశీలించవలసియున్నది," అన్నారు కొండలరావుగారు. ఆయన భోజనానికి కూడా ఆ భాషలోనే పిలుస్తారు. "ఎక్కి చూపించుము."

మా ఆయన ఎక్కారు. మోచేతులు దొప్పల్లో పెట్టారు. చేతులు జోడించినట్టు ముందుకి సాగాయి. నడుం వంగింది. తల దిగింది. ముందుచక్రం సరిగ్గా కొండలరావుగారి కుర్చీ వైపు ఉంది.

కొండలరావుగారు కుర్చీలో ముందుకి జరిగి చూశారు. ఆయన కళ్లు చెమర్చాయని సూపరింటెండెంటు అచ్యుతవల్లిగారు తర్వాత నాతో అన్నారు.

"మా సుదీర్ఘ సర్వీసులో," అన్నారాయన చివరికి, "కిందిస్థాయి ఉద్యోగి ఇంత సంపూర్ణముగా వంగుట చూడలేదు. దీని వలన ప్రయోజనం?"

"స్పీడు పెరుగుతుందండి," అన్నారు మా ఆయన కిందకి చూస్తూనే.

"ఎవరు వంగినను స్పీడు తగ్గుననియే అనుకొంటిమి. పెరుగునా?"

"ఎదురుగాలి తగ్గుతుందండి. దాన్ని బట్టి పెరుగుతుందండి."

కొండలరావుగారు అచ్యుతవల్లిగారి వైపు తిరిగారు. "మన కార్యాలయములో ఫైళ్లు ఎందుకు ఆలస్యమగుచున్నవని కమిషనర్‌గారు పోయిన నెల అడిగిరి కదా. మనము ఏమి సమాధానమిచ్చితిమి?"

"పరిశీలనలో ఉందని రాశామండి."

"పరిశీలన ముగిసినది," అన్నారు కొండలరావుగారు. "గాలి."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చేసింది. ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయడమేమనగా, కార్యాలయ జాప్యమునకు మూలకారణము గాలి యని తేలినందున, ప్రతి ఉద్యోగి మేజాకు ఏరో హ్యాండిల్ అమర్చవలెను. విధినిర్వహణ వేళలందు సదరు హ్యాండిల్‌పై మోచేతులు ఆనించి, నడుము వంచి, శిరస్సు దించి యుండవలెను. తయారీ బాధ్యత శ్రీ భానోజీది. ఆయన సైకిలుకు గల హ్యాండిల్ ప్రభుత్వ నమూనాగా స్వాధీనపరచుకొనబడినది. అమలు సంతృప్తికరముగా పూర్తయిన పిదప నిరభ్యంతర పత్రము పరిశీలించబడును.

మా ఆయన చేతనే హ్యాండిల్‌ని విప్పించి, ఎర్ర మెత్తలతో సహా కొండలరావుగారి గదిలో అద్దాల బీరువాలో పెట్టి లక్క సీలు వేశారు. ఆ రాత్రి భోజనాల దగ్గర సైకిలు గోడకి ఆనించి ఉంది, కొమ్ములు విరిగిన గొర్రెలాగా.

"ఆదివారానికి ఇస్తారంటారా?" అన్నాను.

"ఆఫీసంతా బిగిస్తే ఇస్తారు. బిగిస్తా," అన్నారాయన. "హైమా, స్పాంజి ఇంకా ఉందా?"

నిజం చెప్పాలంటే మంగళ, బుధవారాలు సరదాగానే గడిచాయి. ఆయన ఒక్కొక్కరి మోచెయ్యి కొలిచేవారు, నేను రాసుకునేదాన్ని. మామూలు బల్లలకి హ్యాండిల్ బిగించడం ఎవరూ చెయ్యని పని గనక ఆయన దాన్ని కూడా ప్రేమగానే చేశారు. అచ్యుతవల్లిగారు ఏ రోజు చీరకి ఆ రోజు మెత్త కావాలన్నారు. నేను తొడుగులు మార్చుకునేట్టు కుట్టాను. పోలయ్యగారి వంతు వచ్చినప్పుడు, ఆయన నడుం అసలే నొప్పి గదా అని నేను బెంగపడ్డాను.

"నాకేం ఇబ్బంది లేదమ్మా," అన్నారాయన మోచేతులు ఆనించి చూసుకుంటూ. "ఉద్యోగంలో చేరిన కాడి నుంచీ ఒంగే ఉన్నాను. ఇన్నాళ్లకి మోచేతుల కింద మెత్తెట్టారు."

బుధవారం మధ్యాహ్నానికి ఆఫీసు పని మొదలైంది. అందరి రెండు చేతులూ గొట్టాల మీద ఉండడంతో ఎవరూ రాయలేరు. రాయలేరు గనక ఎవరూ తప్పు రాయలేరు. ఆఫీసు చరిత్రలో ఒక్క తప్పూ దొర్లని మొదటి రోజు అదేనని కొండలరావుగారు ప్రకటించారు. ఫైలు ఒక బల్ల మీద రెండు గొట్టాల మధ్య పెడితే, ఆ ఉద్యోగి గడ్డంతో దాన్ని ముందు బల్లకి నెట్టాలి. విప్పి చూడ్డానికి చెయ్యి లేదు గనక ఎక్కడా ఆగే ప్రసక్తి లేదు. ఒక తూము మరమ్మతు ఫైలు అంతకుముందు వర్షాకాలం నుంచీ ఒకే బల్ల మీద ఉండేదట. అది ఆ రోజు నేను క్యారేజీ విప్పి, కలిపి, పెరుగన్నం దాకా వచ్చేలోపు ఆఫీసంతా రెండుసార్లు చుట్టి వచ్చింది.

"చూసితిరా," అన్నారు కొండలరావుగారు. ఆయన బల్లకి మాత్రం హ్యాండిల్ లేదు. ఆయన ఎవరికి వంగాలో ఉత్తర్వులో రాయలేదు.

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. అచ్యుతవల్లిగారు ఫిర్యాదు చేశారు, ఆవిడ కింద పనిచేసే గుమాస్తా వీపూ ఆవిడ వీపూ ఒకే ఎత్తులో ఉన్నాయని.

"నేను పరీక్షలు పాసై ప్రమోషను తెచ్చుకున్నదాన్నండి," అన్నారావిడ కిందకి చూస్తూ. "వాళ్లూ అంతే ఒంగి, నేనూ అంతే ఒంగితే నా ప్రమోషనుకి అర్థమేముందండి?"

అది న్యాయమైన మాట. హోదాల వారీగా వంపు నిర్ణయిస్తూ రెండో ఉత్తర్వు వచ్చింది. పోలయ్యగారికి గడ్డం దాదాపు బల్లకి ఆనాలి. గుమాస్తాలు అంతకు కొంచెం పైన, సూపరింటెండెంటు ఇంకొంచెం పైన. ఎత్తు పెంచడానికి మా ఆయన దొప్పల కింద చెక్కముక్కలు పెట్టారు. సైకిళ్లకీ అలాగే పెడతారు. పోలయ్యగారు ఇక మనుషుల్ని చెప్పులు చూసి గుర్తుపట్టాల్సి వచ్చింది. నన్ను మాత్రం మొదటి రోజు నుంచే గుర్తుపట్టారు, నా మెట్టెలు కొత్తవి గదా.

ఆ తర్వాత నీళ్లగొట్టం సంగతి వచ్చింది. గొట్టాన్ని నిలువునా చీలిస్తే రెండు సగాలొస్తాయి. ఒకటి దొప్ప అవుతుంది, రెండోది మిగిలిపోతుంది. ఆ మిగిలిన సగాలు వరండాలో కుప్పగా పడి ఉండడం గురువారం ఉదయం కొండలరావుగారు చూశారు.

"ఈ సగభాగము వృథా యగుచున్నదేమి? ఆడిట్‌వారు అడిగినచో ఎవరు సమాధానము చెప్పుదురు?"

"అది పనికిరాదండి. మోచెయ్యి కింద ఒకటే కావాలండి," అన్నారు మా ఆయన.

"కింద ఒకటి యున్నప్పుడు పైన ఒకటి ఎందుకు యుండరాదు?"

మా ఆయన ఒక సగం తీసి తన మోచెయ్యి మీద పెట్టి చూసుకుంటే అదీ సరిపోయింది. కాబట్టి గురువారం సాయంత్రానికి ప్రతి మోచెయ్యి మీదా రెండో సగం కూడా మూతలాగా వచ్చి కూర్చుంది. మూత ఊడిపోకుండా మరలు బిగించారు. ఆడిట్ భయం తీరింది. అనుకోకుండా ఇంకో మేలు కూడా జరిగింది. టీ తాగి వస్తానని లేచి గంటకి వచ్చేవాళ్లు ఇక లేవలేకపోయారు. హాజరు నూటికి నూరు.

మరలు విప్పే ఆరుపలకల తాళంచెవి, సైకిలు షాపుల్లో అలెన్ కీ అంటారే, అది ఎవరి దగ్గరుండాలన్నది చర్చకి వచ్చింది. బిగించబడే సిబ్బంది చేతిలో తాళంచెవి ఉండడం నియమాలకి విరుద్ధం. బయటి వ్యక్తి, నమ్మకస్తుడు, రోజూ నియమిత వేళకి ఆఫీసుకి వచ్చేవాడు కావాలి. అలాంటి వ్యక్తి జిల్లా మొత్తంలో ఒక్కరే ఉన్నారు. భోజనం క్యారేజీతో.

అలా నేను గట్ల ఆఫీసుకి గౌరవ తాళపు అధికారిణినయ్యాను. తాళంచెవిని పిన్నీసుతో గాజులకి తగిలించుకున్నాను. నడుస్తుంటే గాజులతో పాటు అదీ చప్పుడు చేసేది. ఉదయం అందర్నీ బిగించి, మధ్యాహ్నం విప్పి, మళ్లీ బిగించి, సాయంత్రం విప్పి, మొగుణ్ణి ఇంటికి తెచ్చుకునేదాన్ని. బిగించిన ఆడవాళ్ల జడలు సర్దడం, ముక్కు దురద పెట్టిన వాళ్లకి రుమాలుతో రుద్దడం కూడా నా విధుల్లో చేరాయి. మా ఆయన్ని చివర్న బిగించేదాన్ని.

"పందెం ప్రాక్టీసు అనుకోండి," అని చెవిలో చెప్పాను. "రోజంతా పొజిషన్లోనే ఉన్నారు గదా."

"పెడల్సు కూడా ఉంటే అలాగే అనుకుందును," అన్నారాయన బల్లకేసి చూస్తూ. అప్పుడే నాకు మొదటిసారి భయమేసింది. ఆయన గొంతులో నవ్వు లేదు. హ్యాండిల్ అద్దాల వెనక ఉంది. అభ్యంతరం లేదన్న కాగితం ఇంకా ఎవరి ఊహలోనూ లేదు.

శుక్రవారం నాడు సూరన్న అనే రైతు వచ్చారు. సర్వీసులు పొందే పౌరులకూ వంపు వర్తిస్తుందని మూడో ఉత్తర్వు అప్పటికే వచ్చి, వరండాలో అర్జీదారుల హ్యాండిల్ ఒకటి బిగించి ఉంది. నేనే ఆయన్ని బిగించాను. ఆయన ఏమీ అనలేదు. ఆఫీసులో ఏది పెట్టినా చేసి పని చూసుకుపోవాలని వచ్చిన మనిషి.

"అయ్యా, ఉప్పుటేరు పక్క మా గట్టుకి గండి పడ్డాదండి. నీళ్లు చేలోకొచ్చేత్తన్నాయి. తమరొకసారి తలెత్తి చూత్తే, అదిగో, కిటికీలోంచి అవుపిస్తదండి."

అచ్యుతవల్లిగారు కిందకి చూస్తూనే జవాబిచ్చారు. "తలెత్తుట ప్రస్తుతం అమల్లో లేదండి. నోటితో చెప్పండి."

"నోటితోనే చెప్పేనండి."

"అయితే స్వీకరించడమైనదండి."

సూరన్నగారిని విప్పాను. ఆయన వరండా మూలన ఉన్న ఇసుక బస్తాల వంక చూశారు. గొట్టాలు వంచాక మిగిలిన ఇసుక. "ఇది ఆపీసుకి కావాలామ్మా?" అన్నారు. అక్కర్లేదన్నాను. ఆయన బండి తెచ్చుకుని తీసుకుపోయారు. ఆ వారంలో మా ఆఫీసు నుంచి ఒక గట్టుకి చేరిన సాయం అదొక్కటే.

శనివారం ఉదయం ఫోనొచ్చింది. రాష్ట్ర గట్ల కమిషనర్‌గారు మధ్యాహ్నం తనిఖీకి వస్తున్నారు. వేగవర్ధక వంపు గురించి విన్నారట.

కొండలరావుగారి ముఖం పాలిపోయింది. ఇన్నాళ్లూ ఆఫీసులో ఆయన పైన ఎవరూ లేరు. ఇప్పుడున్నారు. ఆయన బల్లకి హ్యాండిల్ లేదు.

"వెంటనే ఒకటి తయారుచేయుము," అన్నారు మా ఆయనతో.

"గొట్టాలు రెండున్నాయండి. కానీ వంచడానికి ఇసుక లేదండి."

కొండలరావుగారు అద్దాల బీరువా వైపు చూశారు. మా ఆయన కూడా చూశారు. నేను మా ఆయన్ని చూశాను.

"అది నా చేతుల కొలతండి," అన్నారాయన నెమ్మదిగా. "మీకు పొడుగైపోద్దండి. సరిపోని హ్యాండిల్ మీద ఒంగితే నడుం పట్టేస్తదండి."

"ప్రభుత్వ నమూనా సకల జనులకూ సరిపోవును," అన్నారు కొండలరావుగారు. స్వయంగా సీలు పగలగొట్టారు.

మా ఆయన దాన్ని పెద్ద బల్లకి బిగించి, దొప్పలకి పై మూతలు కూడా అమర్చారు. ఆ చేతులతో ఆ మర తిప్పడం చూడలేక నేను అచ్యుతవల్లిగారి మెత్తలు సర్దుతూ అటు తిరిగాను. తర్వాత మా ఆయన తన బల్ల దగ్గరికి వెళ్లి వంగారు, ఆయన్ని బిగించాను. ఆఖర్న కొండలరావుగారు తమ కుర్చీ అంచున కూర్చుని, పొట్ట బల్లకి నొక్కుకుని, అందని గొట్టాలకోసం వేళ్లు చాపారు. మా ఎర్ర మెత్తలు ఆయన మోచేతుల దగ్గర కాక ముంజేతుల మధ్యలో ఎక్కడో ఉన్నాయి.

"బిగింపుము," అన్నారు నాతో. "ఎవరికీ మినహాయింపు లేదు."

బిగించాను.

కమిషనర్‌గారు వచ్చారు. నిటారుగా, సన్నగా, చాలా మంచి చెప్పులతో ఉన్నారు. గుమ్మంలో ఆగిపోయారు. గుమ్మం పక్కన పోలయ్యగారు అందరికన్నా కింద, ఆ తర్వాత గుమాస్తాలు, మా ఆయన, అచ్యుతవల్లిగారు, చివర్న పెద్ద బల్ల దగ్గర కొండలరావుగారు. వీపులన్నీ ఒక దాని తర్వాత ఒకటి క్రమంగా పైకి లేస్తూ ఉన్నాయి.

"గట్టు వాలు," అన్నారు కమిషనర్‌గారు మెల్లిగా. "సాక్షాత్తు కాలువ గట్టు వాలు. శాఖ ఆత్మ మనుషుల్లో మూర్తీభవించడమంటే ఇదే. వంపులో అపారమైన అంకితభావం కనబడుతోంది."

"మీ ఆశీస్సులు," అంది కొండలరావుగారి గొంతు బల్ల మీంచి. ఆయన ముక్కు మీద ఈగ వాలింది. నేను రుమాలు తీయబోయి, కమిషనర్‌గారు మాట్లాడుతున్నారు గనక ఆగాను.

కమిషనర్‌గారు చాలాసేపు మాట్లాడారు. వంగుట వేరు, వంచబడుట వేరు అన్నారు. ఈ విధానాన్ని రాష్ట్రమంతా అమలు చేస్తామన్నారు. ఈగ కూడా చివరిదాకా విన్నది. చివరికి ఆయన కొండలరావుగారి బల్ల దగ్గరికొచ్చి ఎర్ర మెత్తల మీద వేలు పెట్టారు.

"ఇదే గదా అసలు నమూనా? దీన్ని మా జీపులో పెట్టించండి. ప్రధాన కార్యాలయంలో ప్రతిష్ఠిస్తాం."

నాకు మా ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు మీద నేను సుద్దగీతలు పెట్టాను, నాకు బాగా తెలుసు. అది అప్పుడు కొంచెం కిందకి జారింది. ఉత్తర్వు ప్రకారం ఉండాల్సిన దానికన్నా కిందకి.

నేను నోరు విప్పాను. ఆ వారమంతా విన్న భాష తప్ప నాకు ఆ క్షణంలో వేరే భాష దొరకలేదు.

"మన్నించవలెను. సదరు నమూనా జిల్లా స్థాయి వంపు గలది. జిల్లా స్థాయి వంపును రాష్ట్ర స్థాయి కార్యాలయమునకు పంపుట హోదాకు భంగకరము."

కమిషనర్‌గారు వెనక్కి తిరిగారు. "మీరెవరు?"

"గౌరవ తాళపు అధికారిణి సార్," అన్నారు కొండలరావుగారు బల్లకేసి.

"ఆవిడ చెప్పినది సబబుగా ఉందే," అన్నారు కమిషనర్‌గారు ఆలోచిస్తూ. "ఇక్కడ హోదా పెరిగిన కొద్దీ వంపు తగ్గుతోంది. మరి మా స్థాయికి ఎంత వంపు ఉండాలి?"

"తమ స్థాయికి వంపే ఉండరాదు," అన్నాను.

వరండా మూలన ఇసుక లేక వంచని గొట్టాలు రెండు ఉన్నాయి. తిన్నగా, బజారు నుంచి వచ్చినట్టే ఉన్నాయి. తెచ్చి ఆయన ముందు పెట్టాను. పైన పచ్చ మఖమలు చుట్టాను. అది అచ్యుతవల్లిగారి గురువారం తొడుగు.

కమిషనర్‌గారు ఆ గొట్టాలని రెండు చేతుల్లోకీ తీసుకుని వెలుతురులో ఇటూ అటూ తిప్పి చూశారు. "ఎక్కడా ఇంతైనా వంగలేదు," అన్నారు. ఆ గొంతులో చాలా ఏళ్ల తర్వాత ఎవరో తనని అర్థం చేసుకున్నారన్న తృప్తి వినిపించింది. వాటిని డ్రైవరుకి ఇవ్వలేదు. జీపులో ఒళ్లో పెట్టుకుని వెళ్లిపోయారు.

జీపు చప్పుడు దూరమయ్యాక నేను పెద్ద బల్ల వైపు నడిచాను. నా గాజులు, తాళంచెవి గలగలమన్నాయి.

"అమ్మా," అన్నారు కొండలరావుగారు. "విప్పుము."

"అలాగేనండి. ఏ చెయ్యి ముందండి?"

"ఏదైననేమి?"

"కుడిచెయ్యి విప్పితే సంతకం పెట్టొచ్చండి. ఎడమచెయ్యి విప్పితే ముక్కు గోక్కోవచ్చండి. తమరి చేతులు నమూనాలోనే ఉన్నాయి గనక, అభ్యంతరం లేదన్న కాగితం లేకుండా ప్రభుత్వ నమూనా మరలు విప్పొచ్చో లేదో నాకు తెలియదండి. నేను గౌరవ అధికారిణినే గదా."

బల్లల దగ్గర ఎవరో దగ్గారు. ఇంకెవరో దగ్గారు. పోలయ్యగారు మాత్రం నిజంగానే నవ్వారు.

ఈగ కొండలరావుగారి ముక్కు మీంచి లేచి, ఒక చుట్టు తిరిగి, మళ్లీ అక్కడే వాలింది.

"కుడిచెయ్యి," అన్నారాయన.

కుడిచెయ్యి విప్పాను. కాగితం నేను ముందే టైపు చేయించి క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టుకొచ్చాను. సంతకం కొంచెం వంకరగా పడింది, కొంచెం పప్పు వాసన కూడా వచ్చింది, కానీ సంతకమే. ముద్ర ఎక్కడుందో పోలయ్యగారు గడ్డంతో చూపించారు. తర్వాత ఎడమచెయ్యి విప్పాను. ఆ చెయ్యి మొదట ముక్కు దగ్గరికే వెళ్లింది. నేను అటు చూడకుండా మా ఆయన్ని విప్పడానికి వెళ్లాను.

మా ఆయన వచ్చి హ్యాండిల్ ఊడదీసుకున్నారు. మెత్తల మీద దుమ్ము దులిపి, గొట్టాల చివర్లు ఒకసారి పట్టుకుని చూసుకున్నారు. ఆయన వీపు అప్పుడు చూడాల్సింది.

అసలు చిక్కు ఆ తర్వాత తెలిసింది. కొండలరావుగారు లేవలేదు. నడుం పట్టేసింది. నిలబెట్టి చూశాం గానీ వంపు వంపుగానే నిలబడ్డారు, కుర్చీ లేకుండా కుర్చీలో ఉన్నట్టు. అంత నొప్పిలోనూ ఆయన తన హోదా మర్చిపోలేదు.

"రేపటి కార్యక్రమము ప్రకటించుచున్నాము," అన్నారు నేలకేసి. "మన శాఖ ప్రతినిధి పందెమున పాల్గొనుచున్నందున, సమస్త సిబ్బంది ఉప్పుటేరు రోడ్డుకు ఇరువైపులా హోదాల క్రమమున నిలిచి, వంపుతో స్వాగతము పలుకవలెను. తలెత్తినవారిపై చర్య తీసుకొనబడును."

"అయితే ఆయన వెళ్లేది ఎవరికీ కనపడదేమో నండి," అన్నారు అచ్యుతవల్లిగారు.

"చక్రములు కనపడును. చాలును."

ఇంటికొచ్చేసరికి అత్తగారు నిమ్మకాయతో సిద్ధంగా ఉన్నారు. మా ఆయన హ్యాండిల్ బిగిస్తుంటే నేను ఫ్యాను పెట్టి, అగరుబత్తి వెలిగించాను. ఆయన ఎక్కి వంగారు. పొగ వేళ్ల మీంచి మోచేతుల మీదుగా వీపు దాటి ఎక్కడా చెదరకుండా పోయింది. సీటు వెనక మాత్రం ఒక చోట పొగ కదలకుండా నిలబడింది. అక్కడికి గాలి అసలు రావట్లేదు.

"అత్తయ్యా, ఇక్కడ కట్టండి," అన్నాను.

ఆవిడ కట్టారు. పొగ చెదరలేదు. ఆయన తల దించుకునే నవ్వారు.

రేపు తెల్లవారకముందే లేస్తాం. ఆయన సైకిలు మీద, నేనూ అత్తయ్యా స్కూటరు మీద వెళ్తాం. తాళంచెవి గాజులకే ఉంటుంది, దారిలో ఏదైనా వదులైతే బిగించాలి గదా. నేను సూరన్నగారి గట్టు దగ్గర ఇసుక బస్తాల మీద ఎక్కి నిలబడతాను. రోడ్డుకి రెండు పక్కలా మొత్తం ఆఫీసు వంగి ఉంటుంది. మా ఆయన గాలికి వంగి వస్తారు. అత్తయ్య కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటూ ఉంటారు. తలెత్తి చూసేదాన్ని నేనొక్కదాన్నే ఉంటాను. నా మీద చర్య తీసుకోలేరు, నేను సిబ్బంది కాదు.